ఉగాది ఓళిగలు - ముందురోజే పూర్ణం

ఉగాది పొద్దున ఎన్ని పనులు! వాకిలి అలకాలి. తోరణం కట్టాలి. పిల్లలకు తలకు పోయాలి. వీటితోపాటు ఓళిగలు. కోస్తా వైపు వీటినే బొబ్బట్లు అంటారు. మా అమ్మ 3 గంటలకే లేచేది. అందరూ తినేసరికి ఆమెకు ఆకలి చచ్చిపోయేది.

అక్కలారా, పూర్ణం ముందురోజు సాయంత్రమే చేసుకోవచ్చు.

అరకిలో శనగబేడలు, అరకిలో బెల్లం తీసుకోండి. ఉడికిన బేడ వేలితో నొక్కితే మెదగాలి. గంజి కాకూడదు. నీళ్లు బాగా వంచండి. బెల్లం వేస్తే మళ్లీ పలచనవుతుంది. భయపడకండి. సన్నమంట మీద కలుపుతూనే ఉండండి. గరిటె నిలబెడితే నిలవాలి. అప్పుడు దించి, యాలకులు వేసి రుబ్బండి. నీళ్లు చల్లవద్దు.

అసలు జాగ్రత్త ఇక్కడే. ఉగాదికి మన రాయదుర్గంలో ఎండలు ముదురుతాయి. వేడి పూర్ణం మీద మూత పెట్టామా, ఆవిరి నీళ్లై కారుతుంది. తెల్లారేసరికి పులుస్తుంది. ఒకసారి మా ఇంట్లో అట్లనే అయింది. అంతా పారబోసినాం. అందుకే పూర్తిగా ఆరనివ్వండి. తడి చెయ్యి పెట్టకండి. పచ్చికొబ్బరి రాత్రి కలపకండి. అది తొందరగా చెడుతుంది. పొద్దున వాసన చూడండి. పుల్లగా ఉన్నా, జిగురు సాగినా పిల్లలకు పెట్టకండి.

పిండి మాత్రం పొద్దున లేవగానే మెత్తగా తడపండి. నూనె పోసి గంట నాననివ్వండి. ఆ గంటలో మీరూ తలకు పోసుకోండి! తర్వాత తట్టి కాల్చడమే.

బేడలు వంచిన కట్టు పారబోయకండి. ఆ రాత్రికే చింతపండు, కారం, ఒక ముద్ద పూర్ణం వేసి చారు కాయండి.