ఈ ఆగస్టు వద్దు, చిన్నా

చిన్నా,

నీ ఉత్తరం అందింది. రెండు నెలల మందులు పూర్తయ్యాయనీ, దగ్గు పోయిందనీ, బరువు పెరుగుతున్నావనీ చదివి వినిపిస్తే అమ్మ వెంటనే దేవుడి దగ్గర దీపం పెట్టింది. చివర్లో రాసిన మాట మాత్రం ఆవిడకు చదవలేదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరిస్తానంటావా, అదీ ఫుల్‌కి!

ఈ ఆగస్టు వద్దురా. రోజూ ఛాతీ జబ్బుల వాళ్లను నడిపించే ఫిజియోథెరపిస్టుగా చెబుతున్నాను. క్షయ నుంచి కోలుకునేవాళ్ల విషయంలో నాకు ఎక్కువ భయం ఒంట్లో హాయిగా అనిపించే రోజులంటేనే. నీరసంగా ఉన్న రోజున మనిషి తనంతట తనే పడుకుంటాడు. హాయిగా ఉన్ననాడే మందులు మానేస్తాడు, బూట్లు కట్టుకుని పరుగుకు బయల్దేరతాడు.

మొదటి 2 నెలలు వేసుకున్న నాలుగు మందులు క్రిముల్లో చాలావాటిని చంపేశాయి. నీకింత తేలిగ్గా ఉన్నది అందుకే. మిగిలిన మొండివాటి కోసం ఇంకో 4 నెలలు మూడు మందులు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా కూడా పోవచ్చు. పరుగెత్తేవాళ్లకు ఒళ్లు నొప్పులు అలవాటు గనక నువ్వు ఇంకొకటి కూడా గమనించుకోవాలి. అరికాళ్లలో తిమ్మిరి, మంట ఉంటే బూట్లు మార్చి చూద్దామనుకోకు. ఐసోనియాజిడ్ వల్ల అలా వస్తుంది, దానికి బి6 మాత్ర ఇస్తారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మసకబారితే ఇథాంబ్యుటాల్ వల్ల కావచ్చు, ఆ రోజే డాక్టరుకు చెప్పు. కళ్లు పచ్చబడినా, వాంతులైనా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు. నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దు, కాలేయం ఇప్పటికే చాలా మోస్తోంది.

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని సిగ్గుపడుతూ రాశావు. అందులో సిగ్గేమీ లేదు. 1966లో అమెరికాలోని డాలస్‌లో 20 ఏళ్ల ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు ఐదుగురిని 3 వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచారు. ఒళ్లు ఆక్సిజన్‌ను వాడుకోగల శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ఆ 3 వారాల మంచం చేసిన నష్టం 30 ఏళ్ల వయసు చేసినదానికంటే ఎక్కువని తేలింది. వాళ్లకు జబ్బే లేదు. నువ్వు జ్వరంతో చిక్కి శల్యమై లేచావు. అయితే వాళ్లు సుమారు 2 నెలల సాధనతో పోయిన శక్తిని తిరిగి తెచ్చుకున్నారు, అదీ గుర్తుంచుకో.

చిక్కేమిటంటే, అన్నీ ఒకే వేగంతో తిరిగిరావు. ఊపిరి, గుండె ముందు తేరుకుంటాయి. మడమ వెనక స్నాయువు, కాలి ఎముక నెలల తరబడి వెనకబడే ఉంటాయి. ఊపిరి అందుతోంది కదా అని పరుగెత్తితే దెబ్బ అక్కడ తగులుతుంది.

డాక్టరు సరేనంటే ఇప్పుడు నడువు. చదును నేల మీద 20 నిమిషాలు, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంతో. మర్నాడు పొద్దున అలసట మిగల్లేదంటేనే ఇంకో 5 నిమిషాలు కలుపు. దూరం లెక్కెయ్యకు, ఫోన్లో ఆ స్ట్రావా యాప్ తీసెయ్. వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ 90 కంటే కిందికి చూపిస్తే ఆగిపో. కఫంలో రక్తం, ఛాతీనొప్పి, సాయంత్రం జ్వరం, వీటిలో ఏది కనిపించినా నడక కూడా మానేసి ఆసుపత్రికి వెళ్లు. మందుల కోర్సు పూర్తయ్యాక స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష, 6 నిమిషాల నడక పరీక్ష చేయించుకో. క్షయ కొందరి ఊపిరితిత్తుల్లో మచ్చ మిగిల్చి పోతుంది, నీకెంత మిగిలిందో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెడదాం.

నిక్షయ్ పోషణ్ పథకం కింద క్షయ రోగులకు ప్రభుత్వం నెలకిచ్చే ₹1000 నాకెందుకు అనకు, గుడ్లకూ పప్పుకూ అది పనికొస్తుంది. రన్నింగ్ గ్రూపులో టైఫాయిడ్ అని చెప్పావట. అందరికీ చెప్పక్కర్లేదు గానీ నీ పక్కన నడిచేవాడికైనా నిజం చెప్పు. నువ్వు వెనకబడిన రోజున నీకోసం ఆగేవాడు ఒకడుండాలి.

వచ్చే నెల చెకప్‌కి వెళ్లినప్పుడు తెమడ పరీక్ష రిపోర్టు నాకు పంపు. అమ్మ వేరుశెనగ ఉండలు చేసి కొరియర్లో వేసింది.

మీ అక్క