తొలకరికి ముందే గొంతువాపు టీకా

తొలకరి జల్లు పడగానే రైతు దృష్టి అంతయు పొలము మీదికే పోవును. విత్తనము, ఎరువు, నారుమడి, నాగలి - ఈ హడావుడిలో కొట్టములోని పశువు సంగతి రెండవదగును. కాని పశువుల ప్రాణములకు అపాయము హెచ్చుగా నుండునది కూడ ఆ దినములలోనే. సాయంకాలము వరకు బాగుగా మేసిన గేదె తెల్లవారుసరికి గొంతు వాచి, గురక పెట్టుచు, చూచుచుండగనే చనిపోవును. దీనినే గొంతువాపు అనియు, గురకవ్యాధి అనియు అందురు. పాడిగేదె చనిపోయిన ఇంటిలో పోవునది ఒక పశువు మాత్రమే కాదు. పిల్లల పాలు, వారము వారము చేతికి వచ్చు రొక్కము, తీర్చవలసిన బాకీకి ఆధారము అన్నియు ఒక్క రాత్రిలో పోవును.

ఇట్టి వ్యాధిని ముందుగా ఆపుటకు సాధనము మన చేతిలో ఉన్నది. అదును తప్పకుండ దానిని వాడుకొనుటయే కావలసినది.

వ్యాధి స్వభావము

ఈ వ్యాధికి కారణము పాశ్చురెల్లా మల్టోసిడా అను సూక్ష్మజీవి. ఇది గేదెలకు, ఆవులకు, ఎద్దులకు సోకును. ఆవుల కంటె గేదెలలో దీని తీవ్రత హెచ్చు. ఆరు మాసములు మొదలు రెండు సంవత్సరముల వయస్సు గల దూడలు, పడ్డలు దీనికి సులభముగా లోనగును.

వ్యాధి ఎక్కడనుండి వచ్చినదని రైతులు తరచుగా ఆశ్చర్యపడుదురు. పైకి ఆరోగ్యముగా కనబడు కొన్ని పశువుల గొంతులోనే ఈ సూక్ష్మజీవి అణగియుండును. పశువు బలముగా ఉన్నంతకాలము అది ఏమియు చేయజాలదు. వేసవిలో మేత చాలక చిక్కిపోయిన పశువు వానకు తడిసి, చలికి వణకి, ఆపై దుక్కికి కట్టబడినప్పుడు దాని శక్తి సన్నగిల్లును. అప్పుడు ఆ సూక్ష్మజీవి విజృంభించును. ఆ పశువు చొంగ, ముక్కునీరు పడిన మేత ద్వారా, నీటి ద్వారా పక్క పశువులకు వ్యాధి అంటుకొనును. ఎండకు, ఆరిన నేలకు ఈ సూక్ష్మజీవి త్వరగా చచ్చును. తడి నేలలో, తేమగల చోట మరికొంతకాలము బ్రతికియుండును. వర్షాకాలములో వ్యాధి ప్రబలుటకు ఇది కూడ ఒక కారణము.

లక్షణములు

మొదట తీవ్రమైన జ్వరము వచ్చును. ఆరోగ్యముగా ఉన్న పశువు వేడి సుమారు 101 లేక 102 డిగ్రీల ఫారన్‌హీటు ఉండగా, ఈ వ్యాధిలో 104 మొదలు 107 వరకు పోవచ్చును. పశువు మేత మానును, నెమరు వేయదు, పాలు ఒక్కసారిగా తగ్గును. కన్నులు ఎఱ్ఱబడును. నోటినుండి చొంగ, ముక్కునుండి నీరు కారును. తరువాత గొంతు క్రింద వాపు పుట్టి గంగడోలు వరకు దిగును. ఈ వాపు వేడిగా ఉండి, ముట్టుకొన్న నొప్పిచేయును. ఊపిరి ఆడక పశువు నాలుక చాచి గురక పెట్టును. పెక్కు పశువులు ఒకటి రెండు దినములలోపున, కొన్ని కొద్ది గంటలలోనే మరణించును.

ఇక్కడ ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన దేమనగా, జ్వరము తగిలిన మొదటి గంటలలో చికిత్స చేసిన పశువు బ్రతుకుటకు అవకాశము కలదు. వాపు దిగి గురక మొదలైన తరువాత మందులు పనిచేయుట అరుదు. కనుక వర్షాకాలములో పశువు ఒక పూట మేత మానినను ఉపేక్షింపరాదు. గొంతుపై వాతలు పెట్టుట, నోటిలో పసరులు పోయుట వలన మేలు కలుగదు. ఊపిరి ఆడని పశువు నోటిలో పోసిన ద్రవము ఊపిరితిత్తులలోనికి పోయి చావును త్వరపెట్టును.

జబ్బవాపు, దొమ్మ

ఇదే కాలములో వచ్చు మరి రెండు వ్యాధులను దీనితో కలిపి పొరపడుట కలదు.

జబ్బవాపులో వాపు గొంతు క్రింద కాక, తొడమీదగాని జబ్బమీదగాని వచ్చును. పశువు కుంటును. వాపును నొక్కిన చిటపటమను చప్పుడు వినబడును. ఇది పుష్టిగా ఉన్న పడుచు పశువులకు, ముఖ్యముగా ఆవుజాతికి ఎక్కువగా వచ్చును. దీని బీజములు మట్టిలో సంవత్సరముల తరబడి నిలిచియుండును.

దొమ్మవ్యాధిలో పశువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారముల నుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారును. అట్టి కళేబరమును కోయరాదు, చర్మము ఒలువరాదు, మాంసము తినరాదు. ఈ వ్యాధి మనుష్యులకు కూడ సోకి ప్రాణము తీయగలదు.

వ్యాధి ఏదో నిర్ణయించుట పశువైద్యుని పని. వాపు ఎక్కడ ఉన్నది, ఎప్పుడు మొదలైనది అని సరిగా చెప్పుట రైతు పని.

టీకా ఎప్పుడు వేయించవలెను?

టీకా వేసిన మరునాడే రక్షణ కలుగదు. శరీరములో తగిన నిరోధక శక్తి ఏర్పడుటకు సుమారు రెండు వారములు పట్టును. మృగశిర కార్తెలో వానలు మొదలగుననుకొన్నచో, రోహిణి కార్తె ప్రవేశించునప్పటికే టీకా పూర్తి కావలెను. పటిక కలిపిన టీకా వలన రక్షణ నాలుగు మొదలు ఆరు మాసములు మాత్రమే నిలుచును. నూనె కలిపిన టీకా వలన సుమారు ఒక సంవత్సరము నిలుచును. నిరుడు వేయించితిమి కదా అని ఈ ఏడు మానరాదు. ఆరు మాసములు దాటిన దూడలన్నింటికిని వేయించవలెను. నిండు చూలుతో ఉన్న పశువుల విషయము డాక్టరు నిర్ణయమునకు వదలవలెను.

టీకామందును 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో ఉంచవలెను. ఎండ తగిలినను, గడ్డకట్టినను చెడిపోవును. సిబ్బంది ఐసుపెట్టెతో గ్రామమునకు వచ్చు దినమున పశువులను మేతకు తోలక, ఉదయమే ఒకచోట కట్టియుంచిన పని త్వరగా ముగియును, మందు చెడదు.

టీకాపై కొన్ని సందేహములు

"సూది వేసిన పాలు తగ్గును" అని కొందరు వెనుదీయుదురు. కొన్ని పశువులలో ఒకటి రెండు దినములు కొద్దిగా జ్వరము వచ్చి పాలు తగ్గుట నిజమే. గేదె రెండు దినములు పూటకొక లీటరు తగ్గించినదనుకొన్నను నష్టము నాలుగు లీటర్లు. గేదెయే పోయిన నష్టమెంతయో లెక్కకట్టనక్కరలేదు. సూది వేసినచోట చిన్న గడ్డ ఏర్పడిన అదియు సాధారణముగా క్రమేణ కరగును.

"టీకా వేసిన తరువాతనే మా పశువు చచ్చినది" అని మరికొందరు చెప్పుదురు. గ్రామములో వ్యాధి ప్రవేశించిన తరువాత టీకా వేసినప్పుడు, అప్పటికే వ్యాధి సోకియుండి ఇంకను బయటపడని పశువులు కొన్ని ఉండును. వాటిని టీకా రక్షింపజాలదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నందువలన ఫలమేమి? వానలకు ముందే వేయించుట ఇందుకొరకే.

వేసవి మేపు

టీకాతోబాటు పశువునకు బలము కావలెను. ఎండిపోయిన పశువులో టీకా కూడ పూర్తిగా పనిచేయదు. టీకాకు రెండు మూడు వారముల ముందు డాక్టరు సలహాపై పురుగుల మందు త్రాగించవలెను.

వేసవిలో వట్టి వరిగడ్డితో పశువు నిలువదు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 మొదలు 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, గడ్డిని పొరలు పొరలుగా పరచి చల్లి, గట్టిగా త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో కప్పి మూడు వారములు మాగనిచ్చిన గడ్డి మెత్తబడి మాంసకృత్తులు పెరుగును. తీసిన గడ్డిని ఘాటువాసన పోవునట్లు కొంతసేపు గాలికి ఆరబెట్టి మేపవలెను. ఆరు మాసములలోపు దూడలకు ఇది పెట్టరాదు. యూరియాను కుడితిలో కలిపి త్రాగించుట ప్రాణాపాయము. దీనికి తోడు తవుడు, చెక్క, ఉప్పు, లవణమిశ్రమము, లభించినంత పచ్చిమేత ఇవ్వవలెను.

వ్యాధి కనబడినప్పుడు

1. జబ్బు పశువును వెంటనే వేరుచేసి, వేరు పాత్రలో నీరు పెట్టవలెను.
2. ఆలస్యము చేయక పశువైద్యశాలకు తెలుపవలెను. 1962 నంబరుకు ఫోను చేసిన సంచార పశువైద్య వాహనము సహాయము లభించును.
3. తక్కిన పశువులను ఊరుమ్మడి చెరువునకు, మేతబీడునకు తోలరాదు.
4. జబ్బు పశువు వదలిన మేతను కాల్చివేసి, కొట్టమును సున్నముతో శుభ్రపరచవలెను.
5. చచ్చిన పశువును కాలువలోగాని బీటిలోగాని పారవేయక, ఆరడుగుల లోతు గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను.
6. వ్యాధి ఉన్న కాలములో సంతనుండి పశువులను తేరాదు, సంతకు తోలరాదు.

గ్రామోద్యోగుల బాధ్యత

పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము, 2009 లో గొంతువాపు చేర్చబడియున్నది. వ్యాధి అనుమానము కలిగిన పశువు యజమాని ఆ సంగతిని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని తెలుపవలెను. వారు దగ్గరనున్న పశువైద్యునికి తెలియజేయవలెను. మొదటి పశువు చచ్చిన దినముననే కబురు అందిన, మిగిలిన మందను కాపాడవచ్చును. టీకా తేదీని ముందుగా దండోరా వేయించుట, పశువులు గల ఇండ్ల జాబితా తయారుచేయుట, ఒక్క వీధియు తప్పకుండ చూచుట వారు చేయగల గొప్ప సేవ.

ఒకప్పుడు ముసరవ్యాధి పేరు విన్న ఊళ్ళు వణకెడివి. దాని నిర్మూలనకు 1954 లో దేశవ్యాప్తముగా టీకాల పథకము ప్రారంభమైనది. 2006 లో మన దేశము ఆ వ్యాధినుండి విముక్తి పొందినట్లు గుర్తింపు వచ్చినది. 2011 లో ప్రపంచమంతటను అది నిర్మూలమైనట్లు ప్రకటింపబడినది. ఊరూర పశువులను టీకాకు తెచ్చి కట్టిన రైతుల సహకారము లేనిదే అది సాధ్యము కాకపోయెడిది. గొంతువాపును అట్లు పూర్తిగా నిర్మూలించుట సులభము కాదు, ఏలయన దాని సూక్ష్మజీవి మంచి పశువుల గొంతులోనే దాగియుండును. కాని ఏటేట తొలకరికి ముందు టీకా వేయించిన ఊరిలో అది తల ఎత్తుట మిక్కిలి తగ్గును. విత్తనము సిద్ధపరచుకొనునప్పుడే పశువుల టీకాను కూడ జ్ఞాపకముంచుకొనుడు.