నల్లబడిన క్యాలిక్యులేటర్ – ద్రవ స్ఫటికాలు

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన ఆదివారం బియ్యం, పప్పు లెక్క రాయమని మేడమ్ నాకు క్యాలిక్యులేటర్ ఇచ్చారు. నేను దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి మరిచిపోయిన. వచ్చి చూస్తే అంకెలు కనిపించే అద్దం మొత్తం బొగ్గులెక్క నల్లగా అయింది. ఏది నొక్కినా అంతే. మా అమ్మ ఇప్పపువ్వు ఏరి అమ్మిన పైసలు దీనికే పోతయని ఏడుపొచ్చింది. చున్నీలో చుట్టి దాచిన. కొద్దిసేపటికి తీసి చూస్తే నలుపు లేదు! 8 నొక్కితే 8 వచ్చింది. సైన్సు టీచర్‌ను మాత్రం అడిగిన. ఆమె చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఘన, ద్రవ, వాయు అని మూడు స్థితులు మనం చదివినం. కొన్ని పదార్థాలకు ఘనానికీ ద్రవానికీ నడుమ ఇంకో స్థితి ఉంటుంది. అదే ద్రవ స్ఫటికం. నీళ్లలెక్క పారుతుంది, కానీ లోపల అణువులు ఒక దిక్కుకు తిరిగి ఉంటాయి. ఇప్పనూనె చలికి పేరుకుంటది కదా, అదేనా అని అడిగిన. టీచర్ కాదన్నారు. అందులో గడ్డకట్టిన పలుకులు, కరిగిన నూనె కలిసి ఉంటాయట. ద్రవ స్ఫటికం రెండింటి కలగలుపు కాదు, అదే ఒక స్థితి.

1888లో ప్రాగ్ నగరంలో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త క్యారెట్ నుంచి వచ్చిన ఒక పదార్థాన్ని వేడి చేశాడు. 145.5 డిగ్రీల దగ్గర కరిగి గంజిలెక్క మసకగా అయింది. 178.5 దగ్గర తేటపడింది. ఒక్క పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలు! మనం పరీక్షలో అట్ల రాస్తే సున్నా వేస్తారు. జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో లేమన్ దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, ఇది పారే స్ఫటికం అన్నాడు.

వీటిలో రకాలున్నాయి. గంట కొట్టగానే పళ్లేలు పట్టుకొని ఎటుబడితే అటు ఉరుకుతం, అది మామూలు ద్రవం. మేడారం జాతరకు నడిచిపోయేటప్పుడు వరుసలుండవు, కానీ అందరి ముఖాలూ గద్దెల దిక్కే. అది నెమాటిక్. ప్రార్థనలో లాగా దిక్కుతో పాటు వరుసలూ ఉంటే స్మెక్టిక్. ఆ పేరు సబ్బుకున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. సబ్బుపెట్టె అడుగున జిగటగా మిగిలేది కూడా ద్రవ స్ఫటికమే! మూడోది కొలెస్టరిక్. పొర పొరకు దిక్కు కొంచెం తిరుగుతూ మెలి పడుతుంది. వేడికి మెలి మారితే రంగు మారుతుంది. నుదుటి మీద పెట్టి జ్వరం చూసే పట్టీ అట్లనే పనిచేస్తుంది.

అణువులు పుల్లల్లాగా పొడుగ్గా ఉంటేనే ఇట్ల అవుతుందని చాలా రోజులు అనుకున్నారు. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో చంద్రశేఖర్, సదాశివ, సురేష్ బిళ్లల్లాంటి అణువులతో కూడా చేసి చూపించారు. మెస్సులో పళ్లేలు పేర్చినట్టు అవి ఒకదాని మీద ఒకటి నిలుస్తాయి.

ఇక క్యాలిక్యులేటర్. రెండు గాజు పలకల నడుమ వెంట్రుక కన్నా సన్నని నెమాటిక్ పొర ఉంటుంది. అణువులు కిందినుంచి పైకి పావు చుట్టు మెలి తిరిగి, వెలుగును కూడా తిప్పి బయటికి పంపుతాయి. అంకె ఉన్న చోట కరెంటు తగిలితే అవి నిటారుగా లేస్తాయి. అక్కడ వెలుగు ఆగి నల్లగా కనిపిస్తుంది. అది తనంతట వెలగదు, అందుకే చీకట్లో అంకెలు కనపడవు, బ్యాటరీ కూడా చాలా రోజులు వస్తుంది. పొయ్యి సెగకు అణువులు దిక్కు తప్పి మామూలు ద్రవం అయినయి. వెలుగును తిప్పేది లేక మొత్తం నల్లబడింది. చల్లారగానే మళ్లీ సర్దుకున్నయి.

మేడమ్, క్యాలిక్యులేటర్ మీ బీరువాలో పెట్టిన. బియ్యం లెక్క దాంతోనే చేసిన, రెండుసార్లు చూసుకున్న, సరిగ్గానే వచ్చింది.