చిట్టాలెక్కలలో దైవమునకు ప్రథమస్థానము

దేవుడే సర్వమునకంటె ముఖ్యుడని నోట నొప్పుకొనని క్రైస్తవుడుండడు. ప్రొద్దున లేచి ప్రార్థించువారును, భోజనమునకు ముందు కృతజ్ఞతలు చెప్పువారును, ఆదివారమున తప్పక దేవాలయమునకు బోవువారును ఆ మాటను ప్రతిదినము ఏదో యొక రూపమున పలుకుచునే యుందురు. ఇవి యన్నియు మంచివి. వీనిని తక్కువచేయుట మా యుద్దేశము గాదు. అయినను ఒకదానికి ప్రథమస్థానమిచ్చితిమో లేదో తెలియవలెనన్న, దానితో పోటీపడు మఱియొకటి దాని ప్రక్కకు వచ్చి నిలువవలెను. ఇంటిలో పీట యొక్కటియే యుండి అతిథు లిద్దరు వచ్చినప్పుడు గదా గృహస్థు ఎవరి నెక్కువగ మన్నించునో బయటపడును! ప్రార్థనాసమయమున దేవునితో పోటీకి వచ్చువా రరుదు. దుకాణము తెఱచిన పిమ్మట, జీతములు లెక్కించునప్పుడు, దస్తావేజు వ్రాయునప్పుడు, ఆస్తి పంచునప్పుడు వచ్చువారు పెక్కండ్రు.

యేసు ఈ సంగతి నెఱిగియే యుపదేశించినట్లు మాకు తోచుచున్నది. మత్తయి సువార్త 6వ అధ్యాయములో దేవుని రాజ్యమును మొదట వెదకుడని యాయన చెప్పిన మాటను మనము తఱచుగ దాని చోటినుండి పెఱికి గోడపటములపై వ్రాసికొందుము. అది యే ప్రసంగము నడుమ నున్నదో చూడుడు. దానికి ముందు ధనము కూడబెట్టుటను గూర్చిన మాటలున్నవి. ఒక సేవకుడు ఇద్దరు యజమానులను కొలువజాలడను మాట యున్నది. ఆ రెండవ యజమాని సిరియే యని స్పష్టముగ చెప్పబడినది. పిమ్మట తిండిని గూర్చియు బట్టను గూర్చియు చింత వలదను బోధ వచ్చును. ప్రార్థన యెట్లు చేయవలెనో ఆ యధ్యాయముననే అంతకుముందే చెప్పి ముగించెను. "మొదట" అను మాటను మాత్రము తిండిబట్టల ప్రస్తావము వచ్చినప్పుడే యాయన వాడెను.

ఈ విషయమున ఇంగ్లండు దేశస్థుడగు జాన్ న్యూటను చరిత్రము మిక్కిలి యాలోచింపదగినది. అంతవఱకు దైవదూషకుడుగ తిరిగిన యీతడు 1748వ సంవత్సరమున సముద్రమధ్యమున గొప్ప తుపానులో చిక్కుకొని, ప్రాణములమీద ఆశ వదలుకొన్న వేళ దేవునివైపు తిరిగెను. ఆ మార్పు కపటము గాదు. 1750 మొదలు 1754 వఱకు ఓడనాయకుడుగ నున్న కాలమున వేదపఠనమును ప్రార్థనను విడువక, ఆదివారములందు నావికులను చేర్చి తానే యారాధనము జరుపుచుండెను. అయితే యా యోడలు మోసిన సరకేమి? ఆఫ్రికా తీరమున కొనబడి, సంకెళ్లతో అట్లాంటికు మహాసముద్రమును దాటింపబడుచున్న మనుష్యులు. పైన స్తోత్రము, క్రింద గొలుసులు. రెంటికిని నడుమ నున్నది ఓడ పలకలే. 1754లో నాతడా వృత్తిని విడిచినది దేహము చెడుటవలన; అది చేయరాని పని యని యప్పటి కాతనికి తోచియుండలేదు. పిమ్మట మతాచార్యుడై, నేటికిని లోకమంతట పాడబడుచున్న కీర్తనలను రచించెను. తుదకు 1788లో ఆ వ్యాపారమును ఖండించుచు నొక చిన్న గ్రంథము ప్రకటించి, అందు తాను పాల్గొన్నందుకు సిగ్గుపడుచున్నానని లోకము వినునట్లు చెప్పెను. అట్లు చెప్పుట ధైర్యవంతుల పని. మే మాతనిని నిందింపము. కాని యోడ దిగిన దినమునుండి ఆ మాట చెప్పుటకు 34 సంవత్సరములు పట్టెనన్న సంగతిని మఱువరాదు. నిష్కపటమైన భక్తియే యొక మనుష్యుని చిట్టాపుస్తకమును గాలించి చూచునని నమ్మువారికి ఇది మంచి గుణపాఠము.

సరిగ నా కాలముననే అమెరికాలోని న్యూజెర్సీయందు జాన్ వుల్మను అను మఱియొక క్రైస్తవుడు జీవించుచుండెను. 1720లో జన్మించిన యీతడు క్వేకరులని పిలువబడు మిత్రసమాజమునకు చెందినవాడు. నిశ్శబ్దముగ కూర్చుండి అంతరంగమున దైవప్రేరణకై కనిపెట్టుకొని యుండుట వారి యారాధనము. వుల్మను తన యిరువదియొకటవ యేట మౌంట్ హాలీ యను గ్రామములో నొక వర్తకుని యొద్ద దుకాణము చూచుటకును లెక్కలు వ్రాయుటకును గుమాస్తాగ కుదిరెను. కొంతకాలమునకు ఆ యజమాని తన యొద్దనున్న నల్లజాతి దాసి నొకతెను అమ్మి, విక్రయ దస్తావేజు వ్రాయుమని యాజ్ఞాపించెను. కొనినవాడు ఎదుటనే వేచియున్నాడు; వయోవృద్ధుడు; పైగా స్వసమాజస్థుడు. తాను సంవత్సరపు జీతమునకు కుదిరినవాడు. ఆలోచించుటకు వ్యవధి లేదు. వుల్మను ఆ దస్తావేజు వ్రాసెను. వ్రాసెనే గాని మనస్సు మిక్కిలి కలతపడగా, యజమానియు కొనినవాడును వినుచుండగనే, దాసులను కలిగియుండుట క్రైస్తవధర్మమునకు విరుద్ధమని తాను నమ్ముచున్నట్లు చెప్పెను. అందువలన ఆ కలత కొంత తగ్గెను గాని, వ్రాయనని చెప్పియుండినచో నింకను మేలుగ నుండెడిదని పిమ్మట తన జీవితచరిత్రములో వ్రాసికొనెను.

సాధుపురుషుల చరిత్రములు వ్రాయువారు ఇట్టి ఘట్టములను దాటిపోవుట కద్దు. మేము దీనినే ముందుంచుచున్నాము. ఏలయన, దైవమునకు ప్రథమస్థానమిచ్చుట యెట్లు నేర్వబడునో ఇందు కనబడుచున్నది. మొదట కలత, దానిని అణచివేయక వెలిబుచ్చుట, మఱుమాఱు అట్టి సందర్భము వచ్చినప్పుడు ఒక యడుగు ముందుకు వేయుట. కొంతకాలమునకు యువకుడొకడు వచ్చి యట్టి దస్తావేజే వ్రాయుమని కోరగా, వుల్మను సౌమ్యముగ నిరాకరించెను.

ఆ కాలమున ఇరుగుపొరుగువారికి పత్రములు వ్రాసిపెట్టుట మంచి రాబడి గల పని. నిరాకరించినచో రాబడియు పోవును, పెద్దమనుష్యులకు కోపమును వచ్చును. ఒకనాడు పొరుగువాడొకడు దేహమునకు గట్టి దెబ్బ తగిలి, రక్తము తీయుటకు వుల్మనును పిలిపించెను; అది నాటి చికిత్స. అది యైన పిమ్మట వీలునామా వ్రాయుమని కోరి, తన దాసి నొకతెను బిడ్డలలో నెవరికి చెందవలెనో కూడ చెప్పెను. రోగి బాధలో నున్నాడు. బ్రదుకునో లేదో తెలియదు. ఇట్టి వేళ ధర్మోపన్యాసము చేయుట క్రూరము. నోరు మూసికొని వ్రాయుట మనస్సాక్షికి ద్రోహము. వుల్మను ఆ దాసిని గూర్చిన భాగము తప్ప తక్కినదంతయు వ్రాసి, మంచము చెంతకు తీసికొనిపోయి చదివి వినిపించెను. తోడిమనుష్యులను దాసులుగ జేయు పత్రమును తన చేతితో వ్రాసినచో తన మనస్సునకు శాంతి యుండదని స్నేహభావముతో చెప్పి, వ్రాసినంతమట్టుకు ప్రతిఫలము పుచ్చుకొననని తెలిపెను. ఇద్దరును చాలసేపు మాటలాడుకొనిరి. తుదకు రోగి ఆమెను విడిచిపెట్టుట కంగీకరింపగా, వుల్మను వీలునామా పూర్తిచేసెను. ఈ ఘట్టములో దేవుని పేరెత్తి యెవరిని భయపెట్టుట లేదు; తాను చేయగలిగినంత చేసి, చేయజాలని దాని యొద్ద కలము నిలుపుట మాత్రమే యున్నది.

వ్యాపారమున నాతడు చేసిన నిర్ణయము ఇంతకంటె కష్టమైనది. దర్జీపని నేర్చుకొని, కుట్టుపనికి వలసిన సామగ్రితో మొదలుపెట్టి, క్రమముగ బట్టలను ఇతర సరకులను అమ్మసాగెను. బేరము ఏటేట పెరిగెను. మనలో నెవరికైన నట్టి వృద్ధి కలిగినచో దేవుని యాశీర్వాదమని చెప్పుకొందుము. స్తోత్రకూటము సయితము పెట్టుదుమేమో! వుల్మను మాత్రము 1756 ప్రాంతమున తన వర్తకము మోయరానంతగ పెరిగినదని కలతపడి, మఱియొక దుకాణము చూచుకొనుడని కొనుగోలుదారులకు ముందుగనే తెలిపి, క్రమముగ చిల్లరవర్తకమును విడిచెను. పిమ్మట దర్జీపనియు, ఆపిలు మొక్కల తోట పెంపకమును వాని జీవనాధారములు. ఆతడు సన్యాసి గాడు. భార్యయు కుమార్తెయు గల గృహస్థుడు.

వర్తకము పాపమని కాదు వుల్మను దానిని విడిచినది. కోరికలు పెరిగినకొలది మనుష్యుడు ఇతరుల దయపై నాధారపడును. ఆధారపడినకొలది మనస్సాక్షి చెప్పినదానిని వినుటకు వానికి వెసులుబాటు తగ్గును. పెద్ద యిల్లు, పెద్ద వ్యయము, పెద్ద యప్పు గలవాడు అన్యాయమైన దస్తావేజు వ్రాయనని చెప్పుట కెంత కష్టము! దైవమునకు మొదటిచోటు ఖాళీగ నుండవలెనన్న, ముందుగ దుకాణములో కొంత చోటు ఖాళీచేయవలసి వచ్చును. వుల్మను దీనిని మఱింత దూరము ఆలోచించెను. ధనవంతుల యనవసర భోగములే పేదవారిని శక్తికి మించి పనిచేయించుచున్నవని, పశువులను సయితము అలయించుచున్నవని యాతడు వ్రాసెను. దరిద్రుల పక్షమున చేసిన ఆ విన్నపము ఆతని మరణానంతరము 1793లో నచ్చయ్యెను.

1757లో నాతడు మేరీలాండు, వర్జీనియా, ఉత్తర కరోలినా ప్రాంతములందు సంచరించుచు దాసులు గల స్వసమాజస్థుల యిండ్లలో బసచేయవలసి వచ్చెను. అతిథిగ నుండి యూరక భుజించినచో దాసుల కష్టమును తానును దోచుకొన్నట్లే యని, చిన్న వెండినాణెములను ముందుగనే సమకూర్చుకొని పోయి, కొన్నిచోట్ల దాసులకు స్వయముగ నిచ్చెను. కొన్నిచోట్ల గృహయజమాని చేతి కిచ్చి వారికి చేర్చుమనెను. ఈ పనికి ఆతడు తొలుత మిక్కిలి సంకోచపడెనట. అన్నము పెట్టినవాని చేతిలో డబ్బు పెట్టి "ఇది నీ పనివారికి" అనుట సభలో ఉపన్యసించుటకంటె నెన్నిమడుగులు కష్టమో ఆతిథ్యమర్యాద నెఱిగిన మన వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

బట్టల సంగతి చెప్పినచో కొందరు నవ్వుదురు. అద్దకము మురికిని దాచుటకును కంటికి ఇంపు కలిగించుటకును మాత్రమే పనికివచ్చునని తలచి, వుల్మను అద్దకము లేని బట్టలు ధరింపసాగెను. సహజవర్ణము గల టోపీని పెట్టుకొనెను. దురదృష్టవశమున నప్పుడట్టి టోపీ సొగసుకాండ్రలో కొందరికి వాడుకయయ్యెను! అందుచే కొందరు మిత్రు లాతనికి దూరముగ మెలగిరి. ఇందు కొంత మితిమీఱిన సూక్ష్మత గలదని మా యభిప్రాయము. అట్టి నియమములు ఇతరులపై విధింపబడినచో ధర్మము కులాచారముగ మాఱిపోవును. వుల్మను వానిని తనకు మాత్రమే విధించుకొనెను గనుక దోషము లేకపోయెను.

ఒక దర్జీ యంతరంగమున కలిగిన కలతవలన లోకమున కేమి యొరిగెనని యడుగువారుందురు. 1754లో దాసత్వమును గూర్చిన యాతని మొదటి వ్యాసము అచ్చయ్యెను. 1758లో ఫిలడెల్ఫియాయందు జరిగిన వార్షిక సభలో ఈ విషయమును వాయిదా వేయవలెనని కొందరు యోచింపగా, వుల్మను లేచి, ఆలస్యము తగదని వాదించెను. దాసులు గలవారి యొద్దకు పోయి నచ్చజెప్పుటకు ఆ సభ కొందరిని నియమించెను. వుల్మను వారిలో నొకడు. 1776లో ఆ సభ తన సభ్యులు దాసులను కలిగియుండరాదని శాసించెను. అమెరికా దేశమంతట దాసత్వము రాజ్యాంగ సవరణముచేత రద్దయినది 1865లో. ఒక చిన్న సమాజము దేశమంతటికంటె 89 సంవత్సరములు ముందుగ నా పని చేసెను.

నేడు మనుష్యులను అమ్ము దస్తావేజులు మన యెదుటకు రావు. కాని పనివానికి తగ్గించి వ్రాయు కూలి, కష్టకాలమున నున్నవానికి వేయు వడ్డీ, ఏ పనులు చేయుచున్నదో విచారింపక వాటాలు కొనిన కంపెనీ, ఆడబిడ్డ పేరు విడిచి వ్రాయు పంపకము, ఇవి వచ్చుచునే యున్నవి. ఇట్టి కాగితమొకటి ఎదుటికి వచ్చి, కొనువాడు వేచియుండి, చేతిలో కలము పట్టుకొని యున్న యా క్షణమును గూర్చియే మేము మాటలాడుచున్నాము.

1772లో వుల్మను ఇంగ్లండునకు బోవుచు, ఓడలో ధనికుల గదిని విడిచి నావికులతో కలిసి క్రింది భాగమున పయనించెను. ఆ దేశమున తపాలాబండ్ల వేగమునకు గుఱ్ఱములు చచ్చుచున్నవని, బండి తోలు బాలురు చలికి బలియగుచున్నారని విని, వానిలో నెక్కక కాలినడకను సంచరించెను. యార్కు పట్టణము చేరి మశూచి సోకి, అక్టోబరు 7వ తేదిని ప్రాణము విడిచెను. అంత్యక్రియల విషయమున నాతడు ముందుగనే యాదేశము లిచ్చెను. శవపేటిక సాధారణముగ నుండవలెను. సిందూరపు కొయ్య వేఱు పనులకు ఉపయోగించును గనుక దానితో చేయరాదు. వ్యయమునకు తన బట్టలనే యమ్ముకొనవలెను.