రోడియోలో ఏబది మార్కులు పశువువి

టెక్సాసు రాష్ట్రమున చిరకాలముగా స్థిరపడిన తెలుగు తండ్రి యొకరు, తన కుమారుడు కంప్యూటరు చదువు విడిచి రోడియో రంగమున ప్రవేశింపగోరుచున్నాడనియు, వానికి బుద్ధి చెప్పవలసినదనియు నాకు నాలుగు పుటల యుత్తరము వ్రాసిరి. ఒంగోలు ప్రాంతపు పల్లెలో గిత్తలను మేపి, పేడ యెత్తి తన్ను చదివించిన తండ్రిని స్మరించుచు, ఆ పేడతట్ట నుండి తప్పించుకొనుటకే తాను సముద్రములు దాటితిననియు, మనుమడు మరల దానిని నెత్తికెత్తుకొనుట తమ వంశమునకు తలవంపులనియు వారి యావేదన. వారము తిరుగకుండ ఆ కుమారుడే, తండ్రి మనస్సు మార్పుమని వేడుచు మఱియొక యుత్తరము వ్రాసెను. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుకొని చదివినప్పుడు, ఒకరితో నొకరు మాటలాడుట మానుకొన్న ఈ యిరువురును నిజమునకు ఒకే భ్రమలో నున్నారని నాకు తోచినది. రోడియో యనగా ఆబోతు వీపున నెనిమిది సెకన్లు నిలుచుటయే యని తండ్రి భయపడుచున్నాడు. అదియే యని కుమారుడు మురియుచున్నాడు. ఆ యెనిమిది సెకన్లలో కూడు వెదకవలదని కుమారునికిని, వాని చుట్టును నూఱేండ్లకు పైగా పెరిగిన వృత్తులను నీచముగ నెంచవలదని తండ్రికిని చెప్పదలచితిని. ఇట్టి యిండ్లు మఱికొన్ని యుండుననియే బహిరంగముగా వ్రాయుచున్నాను.

మొదట డబ్బు సంగతి. రోడియో రౌతునకు జీతము లేదు. అతడే ప్రవేశరుసుము చెల్లించి పేరు నమోదు చేయించుకొని, తన బండికి తానే యింధనము పోసికొని ఊరూర తిరిగి, గెలిచినచో ఆ రుసుములును నిర్వాహకులు చేర్చిన సొమ్మును కలసిన బహుమానములో వాటా పొందును. ఓడినచో కట్టినది పోగొట్టుకొని, ఆ రాత్రియే మఱియొక యూరికి బయలుదేరును. రౌతులు కట్టిన రుసుమును బహుమానములో చేర్పవలెనను ఈపాటి ధర్మమునకై సయితము వారు పోరాడవలసి వచ్చినది. 1936లో బోస్టన్ గార్డెనులో 61 మంది పోటీదారులు ఆట మానివేసి వెలుపలికి నడచిన మీదట కౌబాయ్స్ టర్టిల్ అసోసియేషన్ అను సంఘము పుట్టినది. అదియే 1945లో పేరు మార్చుకొని, 1975 నుండి ప్రొఫెషనల్ రోడియో కౌబాయ్స్ అసోసియేషనుగా వ్యవహరింపబడుచున్నది. పదునెనిమిదేండ్లు నిండినవారు దాని యనుమతిపత్రము తీసికొని, నిర్ణీతమైన సొమ్ము గెలిచిన పిమ్మట పూర్తి సభ్యులగుదురు. అర్హతను గూర్చి యింతకుమించి చెప్పవలసినది లేదు. 1985 నుండి, 2020 ఒక్కటి తప్ప, ప్రతి డిసెంబరులోను లాస్ వేగాసున పది రాత్రులు జరుగు జాతీయ ఫైనల్సునకు, ఆ యేటి సంపాదనను బట్టి ఒక్కొక్క విభాగమున మొదటి పదునైదుగురే చేరుదురు. ఆ పదునైదుగురి ఛాయాచిత్రములు చూచి పిల్లలు కలలు కందురు. పదునాఱవవాడు వేసవియంతయు రాత్రింబవళ్ళు బండి నడిపి ఇల్లు చేరునప్పుడు చేతిలో నెంత మిగిలినదో ఏ చిత్రమును చూపదు.

వెలుపలివా రెవ్వరును రౌతులు కాలేదా యని ఆ యువకుడు నన్నడిగెను. ఐరి. లాస్ ఏంజెలెస్ నగరములో వాట్స్ అను నల్లజాతివారి పేటలో పెరిగిన చార్లీ శాంప్సన్ 1982లో ప్రపంచ బుల్ రైడింగ్ ఛాంపియనయ్యెను. ఆ పట్టము పొందిన మొదటి నల్లజాతి రౌతు అతడే. కాని యతడు బాల్యముననే గుఱ్ఱపుశాలల పనిలో చేయి తిరిగినవాడు; పట్టము పొందిన మఱుసటి సంవత్సరమే, అధ్యక్షుడు రీగన్ ఎదుట జరిగిన ప్రదర్శనలో ఆబోతు తలతాకిడికి ముఖమునందలి యెముకలు విరిగి మంచము పట్టెను. బ్రెజిల్ దేశీయుడైన ఆడ్రియానో మొరయిస్ 1994లో ప్రొఫెషనల్ బుల్ రైడర్స్ సంస్థకు తొలి ఛాంపియనై, ఆ పట్టమును మఱి రెండుమార్లు గెలిచెను. అతడు ఆంగ్లమునకు వెలుపలివాడే గాని పశువునకు కాడు. పశువుల క్షేత్రమున పెరిగినవాడు, 1956 నుండి బరెటోసులో రౌతుల యుత్సవము జరుపుకొనుచున్న దేశమునుండి వచ్చినవాడు. ఇరువదియేండ్లు వచ్చువఱకు ఆవు మెడపై చేయివేసి యెఱుగని మన పిల్లవానికి ఈ రెండు నిదర్శనములును ధైర్యము నియ్యవు.

అపాయమును గూర్చి మెత్తగా మాటలాడుట నాకు చేతకాదు. 1987 ప్రపంచ ఛాంపియను లేన్ ఫ్రాస్ట్, 1989 జూలైలో షయాన్ పట్టణమున ఎనిమిది సెకన్లును చక్కగా నిలిచి, దిగిన పిమ్మట ఆబోతు పొడువగా బరిలోనే ప్రాణము విడిచెను, అతనికి ఇరువదియైదేండ్లు. నేడు రౌతులు తొడుగుకొను రక్షణకవచమును అతని మిత్రుడు కోడీ లాంబర్టు ఆ దుఃఖములోనుండియే రూపొందించెను. 1995 ఛాంపియను జెరోమ్ డేవిస్ 1998లో పడి, నాటినుండి చక్రాల కుర్చీకి పరిమితుడైనను, ఉత్తర కరొలైనాలోని తన క్షేత్రమున పోటీ ఆబోతులను పెంచుచు ఆ రంగమును విడువక నిలిచెను. ఆ యువకునికి నేనీ చరిత్ర చెప్పుట కేవలము భయపెట్టుటకు కాదు. బరిలోని డేవిస్ కంటె బరి వెలుపలి డేవిస్ ఎక్కువకాలము ఈ వృత్తిచే బ్రదికినాడు.

ఇచ్చట ఒక చిన్న లెక్క కలదు. బుల్ రైడింగునకు నిర్ణయించిన మొత్తము నూఱు మార్కులలో ఏబది రౌతువి, ఏబది పశువువి. ఆబోతు ఎట్లు ఎగసినది, ఎట్లు తిరిగినది, ఎంత బలముగ తన్నినది యని న్యాయనిర్ణేతలు దానికి వేఱుగా మార్కులిత్తురు. మందకొడి పశువు దొరికిన రౌతు ఎంత నేర్పరియైనను గెలువలేడు. ఆ రెండవ యేబది మార్కులను కనిపెంచువారు, మేపువారు, గిట్టలు చూచువారు, జబ్బు కనుగొనువారు, లారీలలో తరలించువారు, బరిలో మన్ను పోసి చదును చేయువారు, లెక్క వ్రాయువారు లేనిదే రోడియో లేదు. వెలుపలినుండి వచ్చినవానికి నేను చూపు ద్వార మచ్చటనే యున్నది. మన బండలాగుడు పందెములలో గెలిచిన జతను మేపినవాని పేరు ఊరూర చెప్పుకొనుట ఆ తండ్రిగా రెఱిగినదే.

ఆ పశువు సయితము వారికి పూర్తిగా పరాయిది కాదు. అమెరికాలో బ్రాహ్మన్ అని పిలువబడు మూపురపు జాతి, భారతదేశమునుండి చేరిన గిర్, గుజరాతు, కృష్ణాలోయ జాతులతోపాటు, నెల్లూరు పేరుతో నచ్చట ప్రసిద్ధికెక్కిన మన యొంగోలు జాతి కలయికతో నేర్పడినది; దానిని పెంచువారి సంఘము 1924 నాటిది. నేడు బరిలో తన్ను ఆబోతులలో పెక్కింటి యందు ఆ రక్తము కలదు.

ఇక శిక్షణల వల. రెండు మూడు దినముల బుల్ రైడింగ్ శిబిరము లనేకములు కలవు. వానిలో నిజాయితీ గలవి ముందుగా నేర్పునది పడుట యెట్లో, పడినపిదప ఏ దిక్కునకు పరుగెత్తవలెనో. అంతవఱకు నాకు నిందింపదగినది కనబడదు. ఉత్సాహము ఎంతటిదో తేల్చుకొనుటకు ఒక్క శిబిరము చాలును. మొదటిదాని వెంట పైస్థాయి శిబిరము, దాని వెంట ప్రత్యేక సామగ్రి, వీడియో విమర్శ, స్పాన్సరు దొరకించెదమను హామీ వరుసగా వచ్చినచో అచ్చటనే ఆగవలెను. క్రొత్తవానికి దొరకు స్పాన్సరు సామాన్యముగా ఒక టోపీయో, రెండు చొక్కాలో, కొంత తగ్గింపు ధరయో. అది జీతము కాదు. తాడు పోటీలలోను, పీపాల చుట్టు గుఱ్ఱమును పరుగెత్తించు బ్యారెల్ రేసింగులోను గుఱ్ఱమును పోటీదారే సమకూర్చుకొనవలెను; గెలువగల గుఱ్ఱము, దానిని తరలించు ట్రెయిలరు, దానిని లాగు ట్రక్కు, మేత, వైద్యము కలసి ఒక చిన్న యింటి యప్పుతో సమానమగును. ఇల్లైన నిలుచును, గుఱ్ఱము ఒక్క కాలు బెణికినచో ఆ ఋతువు ముగిసినట్లే.

తలిదండ్రుల తొందర నాకు మఱింత దుస్సహము. అయిదాఱేండ్ల పసివారిని గొఱ్ఱెల వీపున కూర్చుండబెట్టి పరుగెత్తించు మటన్ బస్టింగ్ అను వేడుక అక్కడ కలదు. ఒక్కమాఱు సరదాకు కూర్చుండబెట్టుట వేఱు. ఏడ్చుచున్న బిడ్డకు శిరస్త్రాణము తొడిగి, మఱల మఱల ఎక్కించి, బిడ్డ భవిష్యత్తు తేలిపోయినట్లు తలపోయుట వేఱు. మన యిండ్లలో ఆఱవ తరగతి పిల్లవానిని ఐఐటీ ఫౌండేషను తరగతులకు ఉదయము ఐదు గంటలకు లేపు తండ్రికిని, ఈ గొఱ్ఱె ప్రక్కన అరచు తండ్రికిని నాకు భేదము కనబడదు. ఉభయులును తమ కోరికను బిడ్డ వీపున కట్టుచున్నారు.

ఫ్యాషను వెల్లువను నమ్మి బయలుదేరువారికి 1980 సంవత్సరమును జ్ఞప్తి చేయవలెను. అర్బన్ కౌబాయ్ అను చలనచిత్రము రాగానే నగరములన్నియు పెద్ద టోపీలు, బూట్లు ధరించినవి. యంత్రపు ఆబోతులు మద్యశాలలలో వెలసినవి. కొలది సంవత్సరములలోనే మోజు చల్లారగా అమ్ముడుపోని సరకుతో వర్తకులు కుదేలైరి. 2018లో యెల్లోస్టోన్ ధారావాహిక ఆరంభమైన తరువాత మరల అట్టి వెల్లువయే వచ్చినది. వెల్లువలో దుకాణము పెట్టువానికంటె, వెల్లువ తీసినను గుఱ్ఱములకు గిట్టలు పెరుగుచునే యుండునని తెలిసినవాడు నా మనస్సునకు హితుడు.

ఆ గిట్టల పనియే, అమెరికాలో పుట్టిన లేదా శాశ్వతనివాసపు హక్కు గలిగిన పిల్లలకు నేను మొట్టమొదట సూచించునది. ప్రతి ఆఱు మొదలు ఎనిమిది వారములకు గుఱ్ఱపు గిట్ట కోసి లాడము సవరింపవలెను. కనుక నేర్పుగల లాడపు పనివానికి పని లేని నెల యుండదు. కొన్ని వారముల పాఠశాలతో చేతికి పని రాదు. అనుభవజ్ఞుని వెంట రెండు మూడేండ్లు వంగి పనిచేయవలెను, నడుము నొప్పిని ఓర్వవలెను, అమెరికన్ ఫారియర్స్ అసోసియేషన్ పరీక్షల యోగ్యత సంపాదింపవలెను. తరువాత నేను మెచ్చునది తోలు పని. వయోమింగు రాష్ట్రమందలి షెరిడన్ పట్టణము పేరుతో జీనులపై పూలతీగలు చెక్కు ఒక శైలియే కలదు. ఓపికగల చేతికి అది జీవితకాలపు విద్య.

నిజమునకు ఈ రంగపు వేషమును తీర్చినవారే వెలుపలివారు. కౌబాయ్ టోపీకి పర్యాయపదమైన స్టెట్సన్, న్యూజెర్సీలో టోపీలవాని కుమారుడు. 1865లో ఫిలడెల్ఫియాలో కర్మాగారము పెట్టెను. 1947లో రౌతులకై రాంగ్లర్ జీన్సును రూపొందించిన రోడియో బెన్, పోలెండు దేశమునుండి వచ్చి ఫిలడెల్ఫియాలోనే దుకాణము పెట్టిన దర్జీ. జీనుపై కూర్చున్న మనిషికి కుట్టు ఎచ్చట ఒరయునో, జేబు ఎచ్చట నుండవలెనో గమనించుటయే అతని ప్రవేశరుసుము.

హైదరాబాదునుండియో గుంటూరునుండియో చదువునకు పోవు విద్యార్థి మార్గము వేఱు. విద్యార్థి వీసాపై నున్నవాడు క్షేత్రములలో కూలికి పోవుటయు, బహుమానపు సొమ్మునకై పోటీ చేయుటయు, విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ కార్యాలయము నడుగక తలపెట్టరాదు. లాడపు పని వంటి స్వతంత్రవృత్తి వానికి వీసా తెచ్చిపెట్టదు. వానికి పట్టమే ద్వారము. పశుశాస్త్రము, పశుపోషణము, జన్యుశాస్త్రము చదివినచో స్టెమ్ విభాగము క్రింద చదువు ముగిసిన పిమ్మట పని చేయుటకు పండ్రెండు నెలలపై మఱి యిరువదినాలుగు నెలలు లభింపగలవు. కొలరాడో స్టేటు, ఓక్లహోమా స్టేటు, టెక్సాస్ ఏ అండ్ ఎం, స్టీఫెన్‌విల్ పట్టణమందలి టార్లెటన్ స్టేటు ఈ విద్యలకు తగినవి. తిరుపతిలోనో రాజేంద్రనగరులోనో పశువైద్యపట్టము పొందినవారు అచ్చట వైద్యము చేయుటకు విదేశీ పట్టభద్రుల యర్హతా పరీక్షలను, నావ్లే అను పశువైద్యానుమతి పరీక్షను దాటవలెను. దీనికి సంవత్సరములును సొమ్మును పట్టును గనుక, అప్పు తీర్చు లెక్క ముందే వేసికొనక బయలుదేరుట తగదు. కన్సల్టెన్సీలవారు ఈ లెక్క చెప్పరు. వారి రుసుము పిల్లవాడు విమాన మెక్కుటతో ముగియును.

వెలుపలివాడు ఎట్లు లోనికి పోవలెను? నడుముపట్టీకి పెద్ద బకిలు కొని తగిలించుకొని పోరాదు; అచ్చట బకిలు గెలుచుకొనునది, కొనునది కాదు. టోపీని మంచముపై పెట్టరాదు. మనకు శుభమైన పసుపు రంగు చొక్కాను అచ్చటి రౌతులు పెక్కురు అపశకునముగా నెంతురు. వాదింపక ఇంటనే విడిచి పోవలెను. హ్యూస్టను రోడియోను ప్రతి సంవత్సరము నడుపునది 30 వేలకు పైబడిన స్వచ్ఛందసేవకులు. వారిలో వైద్యులు, గుమాస్తాలు, ఇంజనీర్లు అందరును కలరు. ఏ క్షేత్రమునను పరిచయము లేని కుటుంబమునకు అంతకంటె సులభమైన గడప మఱొకటి నే నెఱుగను.

ఆ యువకునికి ప్రత్యుత్తరము వ్రాసితిని. చదువు మానవలదనియు, శాఖను పశుశాస్త్రమునకు మార్చుకొనుమనియు, ఈ వేసవిలో దగ్గఱి కౌంటీ రోడియోకు ప్రేక్షకులు వచ్చు వేళకు గాక, లారీలనుండి పశువులను దింపు తెల్లవారుజాముననే పోయి, నీటితొట్లు నింపువానిని సాయము కావలెనా యని యడుగుమనియు వ్రాసి, తండ్రిగారిని కూడ వెంట గొనిపొమ్మంటిని. దొడ్డిలో మూపురమున్న ఆబోతు కనబడినప్పుడు దాని పోలికలు చెప్పగలిగినవారు వారి యింట నొక్కరే కలరు.