మేత ముట్టని పెట్ట



సూరత్‌లో రింగ్ రోడ్డు అనగానే అందరికీ చీరల మార్కెట్లు గుర్తొస్తాయి. ఆ రోడ్డుకు దగ్గర్లోనే, మన తెలుగు నేతకారుల కుటుంబాలు ఎక్కువగా ఉండే లింబాయత్ ఉంది. మగ్గం పనికని తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన ఆ కుటుంబాలు భాషతో పాటు ఊరి అలవాట్లనూ తెచ్చుకున్నాయి. ఒక విద్యార్థిని ఈ మధ్య ఇలా అడిగింది: "సార్, మా నానమ్మ పెంచే పెట్ట రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. ముసలిది కదా, అంతే అంటున్నారు. నిజమేనా?"

ఈ నెల పాఠం ఆ ప్రశ్నకు జవాబు.

ముందు మాటలు చూద్దాం. మగ కోడి పుంజు, ఆడ కోడి పెట్ట. గుజరాతీలో మర్ఘీ, హిందీలో ముర్గీ. కన్నడ స్నేహితులు కోళి అంటారు. మన కోడికి అది సోదర పదం. 'ముట్టడం' అంటే తాకడం. 'అన్నం ముట్టలేదు' అంటే బొత్తిగా తినలేదని అర్థం.

ఇక అసలు సంగతి. ముసలితనం జబ్బు కాదు. ఇంట్లో పెరిగే పెట్ట అయిదు నుంచి ఎనిమిదేళ్ళు బతకగలదు. మొదటి రెండేళ్ళ తర్వాత గుడ్లు తగ్గుతూ వస్తాయి. ఆకలి మాత్రం పూర్తిగా పోకూడదు. పోయిందంటే కారణం వెతకాలి.

పొద్దున్నే, మేత వేయకముందు, మెడ కింద రొమ్ముకు కుడి పక్కన మెల్లగా తడిమి చూడండి. అక్కడ మేతసంచి ఉంటుంది. సాయంత్రానికి నిండి, తెల్లవారేసరికి ఖాళీ అవ్వాలి. పొద్దున కూడా రాయిలా గట్టిగా ఉంటే మేత అడ్డుపడింది. నీళ్ళ సంచిలా మెత్తగా ఉండి, నోటి నుంచి పుల్లటి వాసన వస్తే లోపల పులిసింది. రెండింటికీ పశువైద్యుడే దిక్కు.

కోడికి పళ్ళు లేవు. గింజల్ని కందనకాయలో చిన్న చిన్న రాళ్ళ సాయంతో నూరుకుంటుంది. ఊళ్ళో మట్టి గీరి ఆ రాళ్ళు తనే ఏరుకుంటుంది. పలకలు పరిచిన మేడ మీద రాళ్ళెక్కడివి? అందుకే చిన్న గిన్నెలో కడిగిన గరుకు ఇసుక పెట్టండి. గుడ్డు పెంకులు ఈ పనికి రావు, అవి కడుపులో కరిగిపోతాయి.

ఎండ కూడా కారణమే. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు దూరంగా పెట్టి నిలబడితే నీడకు మార్చండి, చల్లని నీళ్ళు పెట్టండి. ఈకలు రాల్చుకునే రోజుల్లోనూ, పొదుగు కూర్చున్నప్పుడూ మేత తగ్గుతుంది. తోటి కోళ్ళు పొడిచి తరిమినా ముసలి పెట్ట గిన్నె దగ్గరికి రాదు. దానికి వేరే గిన్నె పెట్టండి.

నానబెట్టిన నూకలు, ఉడికించిన గుడ్డు కొంచెం చిదిపి పెట్టి చూడండి. ముక్కు తెరిచి బలవంతంగా నీళ్ళు పోయకండి, ఊపిరి గొట్టంలోకి పోతాయి. మన మందులు వేయకండి. రెట్ట పచ్చగా నీళ్ళలా పడుతున్నా, తురాయి నల్లబడుతున్నా, నీళ్ళు కూడా తాగకపోయినా ఆ రోజే వైద్యుడికి చూపించండి. ఒకేసారి చాలా కోళ్ళు చనిపోతే వాటిని ముట్టుకోకుండా పెద్దలకు, పశువైద్యశాలకు చెప్పండి. మామూలు రోజుల్లోనూ కోడిని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇన్నీ చేసినా కొన్నిసార్లు ముసలి పెట్ట కోలుకోదు. అప్పుడు అది బాధపడకుండా చూడటం కూడా పెంపకంలో భాగమే. గుడ్డు పెట్టినన్నాళ్ళూ మనదే అనుకున్నాం, పెట్టడం మానేశాకా మనదే. మనకు బదిలీ వచ్చినా దాన్ని వెంట తీసుకెళ్ళాలి, లేదా బాగా చూసుకునే ఇంట్లో ఒప్పజెప్పాలి. కొత్త చోట మొదటి రెండు మూడు రోజులు అది సరిగా తినకపోవచ్చు. పాత గిన్నె, పాత గంప దగ్గరుంటే త్వరగా కుదురుకుంటుంది. కొత్త బడిలో మొదటి వారం మీకు టిఫిన్ డబ్బా తెరవాలనిపించిందా?

ఆలోచించి రాయండి

1. మేతసంచిని పొద్దున్నే ఎందుకు చూడాలి?
2. మేడ మీద పెరిగే కోడికి ఇసుక ఎందుకు పెట్టాలి?
3. 'ముట్టలేదు' అనే మాటతో రెండు సొంత వాక్యాలు రాయండి.
4. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా అన్నం ముట్టకపోతే మీరు మొదట ఏం అడుగుతారు?