వేటకుక్క చర్మరోగము: రైతు తెలిసికొనదగిన పాఠము

పశువులకు వచ్చు గాలికుంటు, గొంతువాపు మున్నగు వ్యాధులను గూర్చి మన సంఘ సభ్యులకు కొంత తెలియును. ఎద్దు మేత మానినచో ఆ పూటయే వైద్యునికి కబురు పంపుదుము. కాని రాత్రియంతయు చేను కాచి, తెల్లవారి గుమ్మము కడ పండుకొను కుక్కకు రోగము వచ్చినచో దానినడుగువారుండరు. "కుక్కకు గజ్జి వచ్చిన వింతయేమి?" అని నవ్వి యూరకుందురు. ఆ యుపేక్ష వలన కుక్కకే గాక యింటిల్లిపాదికిని ఎంత బాధ కలుగునో నేను స్వానుభవమున నెరింగితిని. ఆ యనుభవమును, దానినుండి నేర్చుకొన్న విషయములను ఈ పాఠమున వ్రాయుచున్నాను.

1. వేటకుక్క నేటి పని

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోను, 2022వ సంవత్సరమున వీనినుండి విడివడి యేర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలోను కొండవార గ్రామములు పెక్కు కలవు. అచ్చట పొడవుకాళ్లు, సన్నని నడుము గల నాటు వేటకుక్కలను పెంచుట తాతలనాటి యాచారము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప అడవి జంతువులను వేటాడుట నేరమైనది. కావున కుక్కను వేటకు గొనిపోవు కాలము పోయినది. అయినను మొక్కజొన్న, వేరుసెనగ, చెరకు చేలలో పందులు పడకుండ మొరిగి రైతును లేపు పని నేటికిని ఆ కుక్కదే. అది యొక రాత్రి మంచము పట్టినచో మరునాడు చేనిలో దాని ఫలము కానవచ్చును.

ఈ కుక్కలకు చర్మరోగములు తరచుగా వచ్చుటకు కారణము కూడ వాని పనియే. అవి పొదలలో దూరును, నక్కబొరియలలో తల పెట్టును, ఊరకుక్కలతో కలియును. గజ్జి గల నక్క పండుకొన్న బొరియలో తల దూర్చిన కుక్క ఆ పురుగును వెంట తెచ్చుకొనును.

2. మా కుక్క కథ

మా యింట భైరవుడను గోధుమవన్నె కుక్క యుండెను. ఒక యేట సంక్రాంతి వెళ్లిన పిదప మొక్కజొన్న చేని గట్టున నున్న నక్కబొరియను అది రెండు మూడు దినములు విడువక త్రవ్వెను. నెలనాళ్లకు దానికి దురద పుట్టెను. మొదట చెవుల అంచులను, పిదప మోచేతులను, కడుపును గోకికొనెను. వెండ్రుకలు రాలి, చర్మము దళసరియై, బూడిదవన్నె పెచ్చులు కట్టి, దుర్వాసన వేయజొచ్చెను. రాత్రులు నిద్రలేక మూల్గుచుండెడిది. కావలికి పోవుట మానెను.

ఇరుగుపొరుగువారు తలకొక వైద్యము చెప్పిరి. ఒకరి మాట విని ఇంజనులో కాలిన నూనెను దానికి పూసితిని. అది దానిని నాకి వాంతి చేసికొని మూడు దినములు దగ్గుచు మేత ముట్టలేదు. మరియొకరు పైరుకు చల్లు పురుగుమందును నీటిలో కలిపి పోయుమనిరి. మా వీధిలోనే యొకరు అట్లు చేయగా వారి కుక్క సాయంకాలమునకు చొంగ కార్చుకొని, వణకి చచ్చినది నేను చూచియుంటిని గాన ఆ పని చేయలేదు.

ఇంతలో ఆరేండ్ల మా బిడ్డకు ముంజేతులమీదను, పొట్టమీదను ఎర్రని పొక్కులు లేచి దురద పట్టెను. మా తల్లి భయపడి, "నాయనా, కుక్క పోయిన మరియొకటి వచ్చును. దీనిని ఏటి అవతల విడిచి రా" అనెను. ఆమె మాట కాదనలేక కుక్కను త్రాడు కట్టి బండిలో నెక్కించితిని. త్రోవలో పశువైద్యశాల కనబడెను. అది నా మొగము చూచి తోక యాడించుచుండెను. ఒక్కసారి చూపింత మని బండి నిలిపితిని.

వైద్యుడు చెవి యంచునను మోచేతివద్దను చర్మమును గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శినిలో చూచెను. ఏమియు కానరాలేదు. "అయినచో ఇది గజ్జి కాదా అండీ?" అని యడిగితిని. ఆయన చెవి అంచును వ్రేళ్ల నడుమ పట్టి మెల్లగా నలిపెను. కుక్క వెనుక కాలు దానంతటదియే గోకుటకు లేచెను. "చూడండి, కనబడలేదన్నంత మాత్రమున లేదని కాదు. పదింట అయిదు సార్లయినను ఈ పురుగు గీకుడులో దొరకదు. గుర్తులను బట్టి చికిత్స చేసి చూడవలయును" అని చెప్పి మందిచ్చెను. మూడు వారములలో దురద తగ్గెను. రెండవ నెలలో వెండ్రుకలు మొలిచెను. బిడ్డ పొక్కులును మాని పోయెను.

కథ యింతటితో ముగియలేదు. మరి రెండు నెలలకు దురద మరల వచ్చెను. మా కుక్క ఆరోగ్యముగా నున్నను, ప్రక్కయింటి కుక్క గజ్జితోనే యున్నది. ఆ సంగతి 7వ భాగమున చెప్పెదను.

3. దురదకు గల కారణములు

కుక్క గోకికొనుచున్నదనిన అది యొకటే రోగము కాదు. ముఖ్యమైనవి యివి.

(అ) గజ్జి. దీనికి కారణము సార్కోప్టిస్ అను కంటికి కానరాని పురుగు. ఆడుపురుగు చర్మములో సొరంగము త్రవ్వుకొనుచు దినమునకు రెండు మూడు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు పెద్దపురుగగుటకు రెండు మూడు వారములు పట్టును. చెవి అంచులు, మోచేతులు, మడమలు, కడుపు దీని స్థానములు. దురద మిక్కుటము, రాత్రి మరింత హెచ్చు. కుక్కనుండి కుక్కకు మిక్కిలి సులభముగా అంటును. రోగములకు కంటికి కానరాని జీవులు కారణమని లోకమునకు మొదట తెలిపిన వానిలో గజ్జిపురుగు ఒకటి. మనుష్యుల గజ్జికి ఈ పురుగే కారణమని ఇటలీ దేశమున బొనోమో, చెస్తోనీ అను నిరువురు 1687వ సంవత్సరమున వెల్లడించిరి.

(ఆ) డెమోడెక్స్ గజ్జి. ఈ పురుగు వెండ్రుకల కుదుళ్లలో నుండును. తల్లిపాలు కుడుచు దినములలోనే పిల్లకు చేరును. ఆరోగ్యమైన కుక్కలందును ఇది కొద్దిగా నుండును. కన్నుల చుట్టును, పెదవులవద్దను, ముందు కాళ్లపైనను వెండ్రుకలు రాలి మచ్చలు పడును, దురద స్వల్పము. ఇది ఇతర కుక్కలకు గాని మనుష్యులకు గాని అంటదు. కూనలలో ఒకటి రెండు మచ్చలైనచో చాలవరకు వానంతటవియే మానును. ముదురు కుక్కకు వచ్చినచో లోపల మరియొక వ్యాధి దాని బలమును హరించుచున్నదేమోయని చూపింపవలయును.

(ఇ) తామర. ఇది బూజుజాతి వలన కలుగునది. గుండ్రని మచ్చ, అంచున పొట్టు, విరిగిన వెండ్రుకలు గుర్తులు. పిల్లలకు అంటును.

(ఈ) పిడుదులు. కొందరు వీనిని గోమార్లందురు. చెవిలోపలను, కాలివ్రేళ్ల సందులను చేరి రక్తము త్రాగును. ఇవి దురదను మించి ప్రాణాపాయమగు జ్వరమును తెచ్చును. కుక్క మేత మాని, చిగుళ్లు తెల్లబడి, ముక్కునుండి నెత్తురు కారినచో ఆలస్యము చేయక రక్తపరీక్ష చేయింపవలయును.

(ఉ) గంతులు వేయు చిన్న పురుగులు. తోక మొదటను, నడుముపైనను వెండ్రుకలు రాలినచో వీనిని అనుమానింపుడు. తడిసిన తెల్లకాగితముపై దువ్వినపుడు రాలిన నల్లని నలుసులు ఎర్రబారినచో అవి వీని రెట్టలే.

4. ఇంట చేయదగిన పరీక్ష

వైద్యుని కడకు పోవుటకు ముందు ఈ సంగతులు చూచి గుర్తుంచుకొనుడు. దురద ముందు పుట్టినదా, వెండ్రుకలు ముందు రాలినవా? శరీరమున ఎచ్చట మొదలైనది? ఇతర కుక్కలకు గాని ఇంటివారికి గాని దురద యున్నదా? నెల, నెలన్నర క్రిందట కుక్క ఎచ్చటికి పోయినది? మొదటిసారి గజ్జి సోకిన పిదప రెండు మొదలు ఆరు వారములకు గాని దురద కానరాదు గనుక నిన్న మొన్నటి సంగతి చెప్పిన చాలదు. చెవి అంచును నలిపినపుడు వెనుక కాలు లేచుట మంచి గుర్తే, కాని అదియొక్కటే నిర్ణయము కాదు.

5. చేయరాని చికిత్సలు

పైరు పురుగుమందులు కుక్క ఒంటికి ఎన్నడును పోయరాదు. అవి చర్మముగుండ లోనికి పోవును. నాకినచో నోటిగుండను పోవును. చొంగ, కండరముల అదురు, ఊపిరి ఆడకపోవుట వాని విషలక్షణములు. పొరబాటున తగిలినచో వెంటనే సబ్బునీటితో కడిగి, మందు డబ్బాపైనున్న పేరుతోకూడ వైద్యుని కడకు గొనిపోవలయును. కడుగువారు చేతులకు తొడుగులు వేసికొనవలయును.

కాలిన ఇంజను నూనె, కిరసనాయిలు చర్మమును కాల్చును. నాకినపుడు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును.

పశువులకు వేయు ఐవర్‌మెక్టిన్ సూదిమందును అందాజుగా కుక్కకు వేయుట మరియొక పెద్ద తప్పు. ఇది గొప్ప మందే. జపాను దేశపు మట్టిలో దొరకిన సూక్ష్మజీవినుండి వచ్చిన యీ మందునకై ఓమురా, క్యాంబెల్ అనువారికి 2015లో నోబెల్ బహుమానము లభించెను. కాని పశువుల మందు మిక్కిలి గాఢమైనది. కుక్కకు వలయునది చుక్కలలో నుండును. కోలీ మున్నగు కొన్ని జాతులకు కొద్దిపాటి మోతాదే విషమగును. తూలుట, చూపు పోవుట, వణకు దాని గుర్తులు.

దురద తగ్గుటకని స్టెరాయిడ్ సూదులు మాటిమాటికి వేయింపరాదు. దురద తగ్గినట్లు కనబడును గాని పురుగు పెరుగును.

వేప, కానుగ నూనెలు పైపూతగా కొంత ఉపశమనము నీయవచ్చును. అవి ముదిరిన గజ్జిని మాన్పజాలవు.

6. చేయదగిన చికిత్స

నేడు నోటిగుండ నిచ్చు బిళ్లలు కలవు. ఫ్లూరలానర్, అఫోక్సొలానర్, సరోలానర్ అనునవి ఆ జాతివి. కుక్క బరువును బట్టి వైద్యుడు మోతాదు నిర్ణయించును. వీనిలో కొన్ని నెలకొకసారి, కొన్ని మూడు నెలలకొకసారి ఇచ్చునవి. ఇవి గజ్జికిని, పిడుదులకును, గంతుపురుగులకును పనిచేయును. మూర్ఛ గల కుక్క, చూలు కుక్క, చిన్నకూన అయినచో ఆ మాట ముందే చెప్పవలయును. చర్మము చీము పట్టినచో దానికి వేరుగ మందు కావలయును. తామరకు ఈ బిళ్లలు పనికిరావు.

రెండు వారములలో మేలు కనబడగానే మందు మానరాదు. గ్రుడ్లనుండి వచ్చు పిల్లపురుగులు చచ్చువరకు చికిత్స సాగవలయును. పండుకొను గోనెపట్టాను మరుగునీట ఉడికించి ఎండబెట్టుడు, గడ్డిని కాల్చివేయుడు. కుక్కను విడిచిన గజ్జిపురుగు సాధారణముగ కొద్ది దినములే బ్రతుకును.

7. వీధి యంతయు కలసి చేయవలసిన పని

మా కుక్కకు మరల గజ్జి వచ్చినపుడు నేను వైద్యుని తప్పుపట్టితిని. ఆయన "మీ వీధిలో కుక్కలెన్ని?" అని యడిగెను. లెక్కించి చూడగా పదునొకండు. అందు నాలుగింటికి గజ్జి. ఒక్కదానికి మందిచ్చి తక్కినవానిని విడుచుట గండి పూడ్చక నీరు తోడుటవంటిదే గదా! సంఘమున ఈ మాట చెప్పగా సభ్యులు తలా కొంత వేసికొనిరి. ఒక్క దినముననే పదునొకండు కుక్కలకును మందు వేయించితిమి. పిదప మా వీధిలో గజ్జి కానరాలేదు. ఒకని సొమ్ముతో రెండుసార్లు కానిపని పదుగురి సొమ్ముతో ఒకసారి అయినది. సహకారమనిన అప్పులిచ్చి పుచ్చుకొనుట మాత్రమే కాదని ఆ నాడు మాకు తెలిసెను.

అట్లు కుక్కలను చేర్చిన దినముననే పిచ్చికుక్క వ్యాధికి టీకాయు వేయింపుడు. పాస్చరు పండితుడు ఒక బాలునికి ఈ టీకాను మొదట వేసినది 1885వ సంవత్సరము జూలై 6వ తేది. ఆ దినమున పెక్కుచోట్ల పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగ టీకాలు వేయుదురు.

8. ఇంటివారి సంగతి

కుక్కగజ్జి మనిషికి అంటి పొక్కులు పుట్టించును గాని మనిషి ఒంట నిలిచి పెరుగజాలదు. కుక్కకు నయమైనచో చాలవరకు కొద్దివారములలో అదియును పోవును. పొక్కులు వ్రేళ్ల సందులలో వ్యాపించి, ఇంటిల్లిపాదికిని రాత్రులు దురద యున్నచో అది మనుష్యుల గజ్జి కావచ్చును. దానికి మనుష్యుల వైద్యునే చూడవలయును.

భైరవుడు ఆ తరువాత మూడు పంటలు కాచెను. ఏటి అవతల విడిచిరమ్మన్న మా తల్లియే తుదకు దానికి ముద్ద పెట్టిన గాని తాను భుజింపదయ్యెను. రోగమును చూచి జంతువును వెలివేయక, కారణమును వెదకుడు.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ వీధిలో కుక్కలెన్ని? అందు దురద గలవెన్ని?
2. గజ్జికిని డెమోడెక్స్ గజ్జికిని భేదమేమి? ఏది అంటును?
3. సూక్ష్మదర్శినిలో పురుగు కానరానపుడు వైద్యుడు చికిత్స చేయుట ఏల న్యాయము?
4. పురుగుమందు తగిలిన కుక్కకు మొదట చేయవలసినదేమి?
5. ఒక్క దినమున వీధి కుక్కలన్నిటికి మందు వేయించుటకు మన సంఘము ఏమి చేయగలదు?